మన చుక్కల దుప్పికి ఇక్కడ కేసు లేదు

పోస్ట్ కొంచెం పెద్దది, రాత్రి తీరిగ్గా చదవండి.

మేమిద్దరం బావా బామ్మర్దులం. చింతూరు వైపు కోయ గూడెం మాది. తాత ఇద్దరికీ ఒక్కడే, ఒకరికి నాన్న నాన్న, ఇంకొకరికి అమ్మ నాన్న. ఇప్పుడు ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రం టౌన్స్‌విల్‌లో చదువుకుంటున్నాం. శని ఆదివారాలు ఒక గోడౌన్‌లో పని. అక్కడ మాతో పనిచేసే ఒక తెల్లాయన ఉన్నాడు, యాభై దాటి ఉంటాయి. మేం ట్రైబల్ అని తెలిసిన రోజు ఆయన అడిగిన మొదటి మాట, "అయితే మీకు విల్లు వేయడం వచ్చా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రాదు. మూడో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాల, తర్వాత హాస్టళ్ళు. భూమి పండగకి సెలవు దొరికితే పెద్దోళ్ళ వెనకాల కేకలు వేస్తూ పోవడం, వేట దొరక్కపోతే ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారని తిరిగొచ్చేటప్పుడు పరిగెత్తడం, అంతే మా అనుభవం. తాత విల్లు ముట్టుకున్నాం గానీ ఎక్కుపెట్టింది లేదు.

ఆ విల్లు ఇప్పుడు లేదు కూడా. మేం ఆరో తరగతిలో ఉండగా తాత ఒక దుప్పిని కొట్టాడు. అబద్ధం చెప్పం, కొట్టాడు. ఎవరో చెప్పారు, జీపు వచ్చింది. విల్లు, నాలుగు బాణాలు, వండిన కుండతో సహా పట్టుకెళ్ళారు. మూడేళ్ళు వాయిదాలకి తిరిగాడు. ప్రతి వాయిదాకి ఒక రోజు కూలి పోయేది, బస్సు చార్జీకి ఒక కోడి పోయేది. చివరికి కేసు కొట్టేశారు. విల్లు మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆయన ఇంకోటి చేసుకోలేదు.

ఇదంతా ఆ తెల్లాయనకి చెప్పలేదు. రాదు అని మాత్రం చెప్పాం. ఆయన నవ్వలేదు, తన విల్లు చూపిస్తానన్నాడు.

చూపించాడు. ఒక్క కర్రతో చేసిన పొడుగు విల్లు. ఇక్కడ బాణంతో వేటాడేవాళ్ళలో రెండు రకాలున్నారు. కప్పీలు, గురి చూసే సూదులు ఉన్న కాంపౌండ్ విల్లు వాడేవాళ్ళు ఎక్కువ. అవేమీ లేకుండా లాంగ్‌బో, రికర్వ్ పట్టుకునేవాళ్ళు తక్కువ, వీళ్ళని "ట్రెడిషనల్" అంటారు. ఎవరి ట్రెడిషన్ అని అడిగితే ఆయనే ఒప్పుకున్నాడు, ఇంగ్లండు నుంచి వచ్చిందని. ఈ నేల అసలు జనం, అబోరిజినల్ వాళ్ళు, ప్రధాన భూభాగంలో విల్లు వాడలేదు. వాళ్ళది ఈటె, దాన్ని విసరడానికి ఊమెరా అనే కర్ర, ఇంకా బూమరాంగ్. విల్లు ఉన్నది ఉత్తరాన టోరెస్ జలసంధి దీవుల వాళ్ళకే. మేం ఇక్కడికొచ్చేవరకూ ఆదివాసీ అంటే విల్లే అనుకున్నాం!

జులైలో, ఇక్కడ అది చలికాలం, ఆయన మమ్మల్ని చార్టర్స్ టవర్స్ దాటి ఒక పశువుల ఫారానికి తీసుకెళ్ళాడు. ఫారం యజమాని అనుమతి ముందే తీసుకున్నాడు. తెల్లవారకముందే ఒక వాగు గట్టున కూర్చున్నాం. ఎండిన గడ్డి, సన్నటి యూకలిప్టస్ చెట్లు. అంతలో కూత వినిపించింది.

ఆ కూత మాకు తెలుసు. కొండ మీద చిరుత కదిలితే దుప్పి కూసే కూత. ఆయన ఇంకా చూపు సర్దుకుంటున్నాడు, మేమిద్దరం ఒకేసారి "దుప్పి" అన్నాం. నిజంగానే చుక్కల దుప్పులు, ఇరవై దాకా ఉన్నాయి. ఇక్కడ పులీ లేదు చిరుతా లేదు, మా వాసనకే కూసింది. కొంచెంసేపు ఏడుపొచ్చినంత పనైంది.

మన దుప్పి ఇక్కడికి ఎలా వచ్చిందంటే, 1886లో ఆ దగ్గర్లోనే మేరీవేల్ అనే ఫారంలో నాలుగింటిని వదిలారు. అప్పట్లో తెల్లదొరలకి అదొక పిచ్చి. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆయన విక్టోరియాలో వేట సరదాకి కుందేళ్ళని వదిలాడు, అవి దేశమంతా మేసేశాయి. నక్కల్ని కూడా వేట కోసమే తెచ్చారు. మన కణితిని 1860ల్లో విక్టోరియా కొండల్లో వదిలారు. ఒంటెలు కూడా ఇండియా నుంచే ఓడలెక్కాయి. పులి లేని చోట దుప్పి పెరక్క ఏం చేస్తుంది?

ఇప్పుడు క్వీన్స్‌లాండ్ చట్టంలో దుప్పి హాని చేసే జంతువు. భూమి ఉన్నవాళ్ళే వాటిని అదుపు చేయాలి. అదే కణితి విక్టోరియాలో వేట జంతువు, చట్టం కాగితం మీద రక్షణ ఉన్న వన్యప్రాణి. లైసెన్సు తీసుకుని కొట్టొచ్చు, బాణంతో అయితే విల్లు లాగుడు కనీసం 50 పౌండ్లు ఉండాలి. టాస్మేనియాలో బాణం వేట నిషేధం. దక్షిణ ఆస్ట్రేలియాలో కూడా 2024 డిసెంబర్ నుంచి ఆపేశారు, గాయపడ్డ జంతువు నరకం అనుభవిస్తుందని. వేటగాళ్ళు అడిగేది ఏంటంటే, హెలికాప్టర్ నుంచి కాల్చొచ్చు, 1080 అనే విషం పెట్టి చంపొచ్చు, మా బాణమే క్రూరమా అని. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ బాణం వల్ల జంతువుల సంఖ్య తగ్గుతుందన్న మాట మాత్రం మేం నమ్మం. మా తెల్లాయన కూడా నమ్మడు. "సంవత్సరానికి నాలుగో ఐదో కొడతాను, ఇది అడవిని కాపాడటం కాదు, నా ఇష్టం" అన్నాడు. ఆ నిజాయితీ నచ్చింది.

మమ్మల్ని ఎక్కువ ఆలోచనలో పెట్టింది ఇంకో కథ. 1994లో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ముర్రండూ యానర్ అనే గంగలిడ్డా తెగ ఆయన తమ పద్ధతి ఈటెతో రెండు పిల్ల మొసళ్ళని పట్టాడు. పర్మిట్ లేదని కేసు పెట్టారు. రాష్ట్రం వాదన ఏంటంటే, చట్టం ప్రకారం అడవి జంతువులన్నీ ప్రభుత్వ ఆస్తి అని. కింది కోర్టు కేసు కొట్టేసింది, పై కోర్టు తిరగదోడింది, చివరికి 1999లో దేశ హైకోర్టు, అంటే మన సుప్రీంకోర్టు లాంటిది, యానర్ వైపు తీర్పిచ్చింది. ప్రభుత్వ ఆస్తి అన్నంత మాత్రాన ఆ జనానికి తమ నేలతో ఉన్న హక్కు చచ్చిపోదని సారాంశం. ఆయన వాడిన పడవకి మోటారు ఉందట, దానివల్ల కూడా హక్కు పోలేదు. ఫోన్ పట్టుకున్నామని మనల్ని "మీరింకా ఆదివాసీలేనా" అనేవాళ్ళకి ఇది చెప్పాలి.

పశ్చిమ ఎడారిలో కివిర్‌కుర్రా అనే చోట ఆ ఊరివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అడవి పిల్లుల జాడ ఇసకలో చదివి కాలినడకన పట్టుకుంటారు. తెల్లవాళ్ళతో వచ్చిన ఆ పిల్లులు బిల్బీ లాంటి చిన్న జంతువుల్ని తినేస్తున్నాయి. ఇప్పుడు ఆ జాడ చదివే విద్యే సంరక్షణ పని అయింది.

అంటే ఆస్ట్రేలియా స్వర్గమని కాదు. వాళ్ళ భూములు లాక్కున్నది ఈ దేశమే. కానీ తాత కేసుతో పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాం. మనకి 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అందులో నికోబార్ దీవుల తెగలకి మాత్రం వేట హక్కు వదిలారు. 2006 అటవీ హక్కుల చట్టంలో తేనె, వెదురు, చేప ఉన్నాయి, వేటని మాత్రం పేరు పెట్టి మరీ తీసేశారు. వేట తెరవమని మేం అడగట్లేదు. మన అడవిలో దుప్పి ఎన్ని మిగిలాయో మీకూ తెలుసు, పులికే చాలట్లేదు. కానీ ఎక్కడ తగ్గిందో, ఎందుకు తగ్గిందో తాతని ఎవరైనా అడిగారా? ఏ నెలలో ఈనుతుందో, ఏ చెలమకి దిగుతుందో ఆయన కోర్టు మెట్ల మీద కూర్చుని చెప్పేవాడు, వినడానికి పక్కన ఇంకో ముద్దాయి ఉండేవాడు.

ఆ రోజు సాయంత్రం తెల్లాయన ఒకటి కొట్టాడు. పదిహేను అడుగుల్లోకి వచ్చేదాకా ఆగాడు. బాణం తగిలాక అరగంట కదలొద్దన్నాడు, వెంటపడితే ఇంకా దూరం పోతుందట. తాత కూడా అదే అనేవాడు. వెనక కాళ్ళు, వీపు కండ తీసుకుని మిగతాది గద్దలకి వదిలేద్దామన్నాడు. మేం కార్జం మాత్రం తీసుకున్నాం. తలకాయ కూడా తేవాలనిపించింది, అడగడానికి మొహమాటం వేసింది.

రూముకొచ్చాక వీడియో కాల్ చేశాం. తాత ఫొటో చాలాసేపు చూశాడు.

"దీనికి అక్కడ కేసు లేదా?"

"లేదు తాతా."

"ఎన్ని పోగులేశారు?"

"మూడు."

"మిగతాది?"

వదిలేశామని చెప్పాం. ఆయనేమీ అనలేదు. లైను కట్ అయిందేమో అనుకున్నాం. కాసేపటికి, ఆ తెల్లాయన విల్లుకి నారి దేంతో కట్టాడు, వెదురు బద్దా, దారమా అని అడిగాడు. దారమే అన్నాం. దగ్గర్నుంచి ఫొటో తీసి పంపమన్నాడు.