జోడు

రెంటచింతల ఎండకు పొరుగువాణ్ణి. సున్నపు బట్టీల పొగ పీల్చి పెరిగినవాణ్ణి. పిడుగురాళ్లలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఏళ్ళ తరబడి పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పి 2020లో ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. ఇటువంటివాడు మంచు మీద ఆడే హాకీ బూట్ల గురించి వ్రాయబూనడం చూచి మిత్రులు నవ్వుకొంటారని తెలుసు. నవ్వుకోండి, కాని చివరిదాకా చదవండి. ఇందులో నా తప్పొకటి ఉంది. ఒకసారి కాదు, రెండుసార్లు చేసిన తప్పు.

2023 అక్టోబరులో నేనూ, మా ఆవిడా కెనడాలో టొరంటోను ఆనుకొని ఉన్న మిస్సిసాగాకు, మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. మనవడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ ఏడే ఐస్ హాకీ శిక్షణలో చేరాడు. మన వీధుల్లో క్రికెట్టు ఎట్లాగో అక్కడ ఆ ఆట అట్లాగ. ఆటగాళ్ళు కాళ్ళకు ఇనుప అలుగులున్న బూట్లు కట్టుకొని గడ్డకట్టిన నీటి మీద జారుతూ, కర్రలతో ఒక నల్లని రబ్బరు బిళ్ళను తరుముతారు. బిళ్ళ బరువు దాదాపు 170 గ్రాములు. చేతిలో పట్టుకొని చూశాను. మన బచ్చాలాటలో వాడే రాయికంటె గట్టిగా ఉంది. అది వేగంగా వచ్చి తగిలితే ఏమవుతుందో ఊహించడానికి పాండిత్యం అక్కరలేదు.

బూట్లు కొనడానికి అందరమూ బయలుదేరాము. అక్కడ వాడిన ఆట సామాను అమ్మే దుకాణాలున్నాయి. పిల్లలు త్వరగా ఎదుగుతారు గనుక తల్లిదండ్రులు పాతవి అమ్మి మరికొంచెం పెద్దవి కొంటుంటారు. దుకాణంలోని కుర్రవాడు మనవడి పాదం కొలిచి, "మామూలు బూటు రెండో నంబరు, స్కేటు ఒకటో నంబరు సరిపోతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎదిగే పిల్లవాడికి ఉన్నదానికంటె చిన్నది కొనమనడమేమిటి? "మూడో నంబరు తీసుకోమ్మా, రెండేళ్ళు వస్తాయి. అంతవరకు రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడుగుదాం" అన్నాను. అమ్మాయి ఒక్క క్షణం అల్లుడుగారి వంక చూసింది. తరువాత, "సరే నాన్నా" అంది. తండ్రి మాట కాదనలేక అన్న "సరే" అది. నేను దాన్ని ఒప్పుకోలుగా తీసుకొన్నాను.

మూడు వారాలు గడిచాయి. మైదానంలో మిగతా పిల్లలు పిట్టల్లా ఎగిరిపోతుంటే మావాడి చీలమండలు లోపలికి ఒరిగిపోయేవి. గోడ పట్టుకొని నిలబడేవాడు. పడేవాడు, లేచేవాడు. ఒకరోజు, "నాకు ఈ ఆట రాదు తాతయ్యా, మానేస్తాను" అన్నాడు. ఆ రాత్రి వాడి కాళ్ళు కడుగుతూ చూశాను. రెండు మడమల మీద పొక్కులు చితికి ఎర్రగా ఉన్నాయి. ఎందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు కొనిపించావుగా" అన్నాడు.

అప్పుడు నా కళ్ళకు మరొక పాదం కనిపించింది.

అది 1990ల మాట. తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు తరచు ఆలస్యంగా వచ్చేవాడు. ఒకనాడు గుమ్మంలో కుంటుతూ నిలబడ్డాడు. నేను పద్యం మధ్యలో ఉన్నాను. విసుగ్గా గదమాయించాను. తరువాత తెలిసింది, వాడు రాత్రిపూట తండ్రితో కలిసి సున్నపు బట్టీలో పని చేస్తున్నాడని. మా ఊరి వారికి చెప్పనక్కరలేదు గాని, తెలియనివారి కోసం చెబుతాను. సున్నపురాయిని బట్టీలో కాల్చిన తరువాత వచ్చే సున్నం చూడటానికి చల్లని రాయిలాగే ఉంటుంది. తడి తగిలిందా, కుతకుత ఉడుకుతుంది. కాలి చెమట కూడా తడే. వాడి అరికాలు కాలి తోలు ఊడి ఉంది.

గదమాయించినందుకు సిగ్గుపడి, ఆ జీతంలోనుంచి వాడికి బూట్లు కొన్నాను. రెండేళ్ళు రావాలని రెండు సైజులు పెద్దవి కొన్నాను. పది రోజులకు వాటిని కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చేశాడు. "వద్దు మాస్టారూ, ఉత్త కాళ్ళే నయం. వీటిలో సున్నం పడితే బయటికి రాదు" అన్నాడు. కాలికీ బూటుకూ మధ్య ఉన్న సందులోనుంచి పొడి లోపలికి దిగి, చెమటతో కలిసి, లోపలే ఉడికింది. ఉత్త కాలైతే దులుపుకొనేవాడు. నాకప్పుడది అర్థం కాలేదు. ఇచ్చినదాన్ని తిప్పి పంపాడని కొంచెం నొచ్చుకొన్నాను కూడా. పదో తరగతికి వాడు రాలేదు.

మరునాడే మరొక దుకాణానికి వెళ్ళాము. ఈసారి నేను నోరు మూసుకొని విన్నాను. అక్కడి పెద్దాయన ఎంతో ఓపికగా చెప్పాడు. స్కేటు నంబరు మామూలు బూటు నంబరుకంటె ఒకటి, ఒకటిన్నర తక్కువే ఉంటుందట. పలుచని మేజోడు ఒక్కటే వేయాలి. తాళ్ళు కట్టి నిటారుగా నిలబడితే వేళ్ళ కొనలు ముందు భాగాన్ని తాకీ తాకనట్లుండాలి. మోకాళ్ళు వంచగానే పాదం వెనక్కు జరిగి మడమ తన గుంటలో కూర్చోవాలి. నడుస్తుంటే మడమ పైకి లేవకూడదు. అదే అసలు పరీక్ష. పిల్లల ఎదుగుదలకు విడిచే చోటు మహా అయితే అర నంబరు. మడమ కదిలితే చర్మం ఒరుసుకొంటుంది. చీలమండకు ఆసరా పోతుంది. ఆసరా లేని కాలు ఒరుగుతుంది. పిల్లవాడికి ఆట రాకపోవడం కాదు, వాడి కాలు బూటులో లేకపోవడమని తేలింది.

కొత్త స్కేట్లను అక్కడ చిన్న పొయ్యిలో కొన్ని నిమిషాలు వెచ్చబెట్టి, మెత్తబడగానే కాలికి తొడిగి, తాళ్ళు బిగించి, కదలకుండా కూర్చోబెట్టారు. చల్లారేసరికి బూటు ఆ పాదం ఆకారాన్ని పట్టుకొంటుంది. ఆపైన ఒక రోజు వాడకూడదు. మన వైపు కొత్త తోలు చెప్పులకు ఆముదం పట్టించి కాలికి అలవాటు చేసేవారు కదా, అటువంటిదే ఈ ఉపాయమూ.

తాళ్ళు కట్టే పని నేను తీసుకొన్నాను. ముందు మడమను నేలకు తట్టి వెనక్కు కూర్చోబెట్టాలి. వేళ్ళ దగ్గర వదులుగా, పాదం మలుపు దగ్గర గట్టిగా, పైన మోకాలు ముందుకు వంగేటంత సడలింపుతో బిగించాలి. మిగిలిన తాడును చీలమండకు చుట్టకూడదు. మొదట్లో ఒక్కొక్క కాలికి పది నిమిషాలు పట్టేది. సుద్దముక్క పట్టిన వేళ్ళకు మైనం పూసిన తాళ్ళు లొంగలేదు.

ఇక అలుగు సంగతి. అది కత్తిలా ఒకే అంచుతో ఉంటుందనుకొన్నాను. కాదు. సుమారు మూడు మిల్లీమీటర్ల మందమున్న ఉక్కుకు అడుగున నిలువునా సన్నని గాడి తీస్తారు. గాడికి ఇరువైపులా రెండు అంచులు. లోపలి అంచు, వెలుపలి అంచు. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. గాడి లోతుగా ఉంటే మంచును గట్టిగా పట్టుకొంటుంది, తక్కువగా ఉంటే సులువుగా జారుతుంది. సాధారణంగా అర అంగుళం వ్యాసార్ధపు వంపుతో సాన పడతారు. పది పదిహేను గంటల ఆటకొకసారి మళ్ళీ పట్టించాలి. కొత్త స్కేట్లు కొన్నప్పుడు చాలావరకు సాన పట్టి ఉండవు. అది తెలియక వాటితోనే మంచు మీదికి దిగి పడేవాళ్ళున్నారట. "కత్తులకు సాన" అంటూ సైకిలు మీద వచ్చే మనిషి పిడుగురాళ్ల వీధుల్లో రాల్చిన నిప్పురవ్వలు నాకు ఆ దుకాణంలో మళ్ళీ కనిపించాయి.

పాదం సరే, మిగతా శరీరమో? మేమక్కడ ఉండగానే, 2023 అక్టోబరు 28న ఇంగ్లండులోని షెఫీల్డులో ఆడమ్ జాన్సన్ అనే అమెరికా ఆటగాడు ఎదుటివాని స్కేటు మెడకు తగిలి చనిపోయాడు. ఆ వార్త విన్న రాత్రి మా అమ్మాయి నిద్రపోలేదు. కెనడాలో పిల్లల హాకీకి మెడపట్టీ అప్పటికే తప్పనిసరి. అయినా తెల్లవారుజామున లేచి సంచిలోనుంచి ఆ పట్టీ తీసి, దాని మీది ధ్రువీకరణ గుర్తును మళ్ళీ చూసుకొంది. ఈ ఆటలో రక్షణ ఎప్పుడూ దెబ్బ తరువాతే వచ్చింది. 1959 నవంబరు 1న న్యూయార్కులో ముఖం పగిలిన గోలీ జాక్ ప్లాంట్, ముసుగు లేకుండా తిరిగి ఆడనని పట్టుబట్టాడు. 1968లో బిల్ మాస్టర్‌టన్ తలకు దెబ్బ తగిలి మరణించాడు. ఆ పెద్ద లీగులో కొత్తగా చేరేవారికి శిరస్త్రాణం తప్పనిసరి అయింది 1979లో. పద్దెనిమిదేళ్ళలోపు వారికి మెడపట్టీని అమెరికా సంఘం నిర్బంధం చేసింది 2024 ఆగస్టులో.

మనవడికి ఆ సామగ్రి తొడిగేటప్పుడు నాకు నా పాఠమే గుర్తుకు వచ్చేది. కవచంలో ప్రతి భాగమూ విడిగా బాగున్నంత మాత్రాన చాలదు, సంధి కుదరాలి. మోకాలిచిప్ప జంఘాత్రాణపు గిన్నెలో సరిగ్గా మధ్యన కూర్చోవాలి. దాని కింది అంచు స్కేటు నాలుకను అందుకోవాలి. లాగు దిగి వచ్చి మోకాలి కవచాన్ని కప్పాలి. మోచేతి తొడుగుకూ చేతి తొడుగుకూ నడుమ చర్మం కనబడరాదు. హెల్మెట్టు కనుబొమలకు ఒక వేలెడు పైన నిలవాలి. తల ఊపితే తలతోపాటే కదలాలి గాని విడిగా ఊగరాదు. తొడలు మాత్రం మరచిన దుర్యోధనుని కథ మనవాళ్ళు ఊరకే చెప్పుకోలేదు. దెబ్బ వెతుక్కొంటూ వచ్చేది ఆ సందుకే.

"జోడు" అన్న మాటకు నిఘంటువులో జత అనీ, పాదరక్షలనీ, కవచమనీ అర్థాలున్నాయి. క్లాసులో నానార్థాలుగా ఎన్నోసార్లు వల్లె వేయించాను. చెప్పూ కవచమూ ఒకే మాట ఎందుకయ్యాయని ఏ పిల్లవాడూ అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు.

2024 మార్చిలో మేము తిరిగి వచ్చేనాటికి మావాడు గోడ వదిలాడు. తాళ్ళు తనే కట్టుకొనేవాడు. నేను బిగి మాత్రం చూసేవాణ్ణి.

ఆ మూడో నంబరు స్కేట్లను అమ్మవద్దని నేనే చెప్పాను. వాటికి ప్లాస్టిక్ తొడుగులు వేసి నేలమాళిగలో భద్రంగా పెట్టి వచ్చాను. 2025 చలికాలంలో మనవడు ఫోను చేశాడు. "తాతయ్యా, నీ స్కేట్లు ఇప్పుడు సరిపోయాయి. కాని తుప్పు పట్టాయి" అన్నాడు. ఆట కాగానే అలుగును పొడిగుడ్డతో తుడవాలి. గట్టి ప్లాస్టిక్ తొడుగు నడిచేటప్పుడు అంచు చెడకుండా ఉండేందుకే. దాచేటప్పుడు తడి పీల్చే గుడ్డ తొడుగు వేయాలి. ప్లాస్టిక్‌లో తడి నిలిచి ఉక్కును తింటుంది. లోపలి అట్టను కూడా తీసి గాలికి ఆరబెట్టాలి, హీటరు దగ్గర పెడితే జిగురు చెడుతుంది. ఇవన్నీ నాకు తెలిసినవే. వాడి కొత్త స్కేట్లకు రోజూ చేసినవే. ఆ పాతవి మాత్రం, వాటిని చూడటానికే మనసొప్పక, తడిసినవాటిని తడిసినట్లే మూసిపెట్టాను. సాన పట్టే ఆయన రెండు మూడుసార్లు ఎక్కువ తిప్పితే చాలావరకు పోయిందట. కొన్ని మచ్చలు మిగిలాయట.

మొన్నామధ్య నార్కట్‌పల్లి - అద్దంకి రహదారి పక్కన బట్టీల వైపు నడిచి వెళ్ళాను. పనివాళ్ళలో కొందరికి గమ్‌బూట్లున్నాయి, కొందరికి లేవు. తట్ట మోసుకొని పోతున్న ఒకతన్ని వెనుకనుంచి చూస్తూ నిలబడ్డాను. అడుగు వేసినప్పుడల్లా బూటు నేల మీదే ఉండి, లోపల మడమ పైకి లేస్తోంది.

"ఎన్నో నంబరు బాబూ అవి?" అని అడిగాను.

అతను తట్ట దించి నవ్వాడు. "నంబరేందండీ మాస్టారూ, ఇచ్చినయ్యి ఏసుకోవడమే" అన్నాడు.

నన్ను మాస్టారని ఎట్లా గుర్తుపట్టాడో తోచలేదు. అడుగుదామనుకొనేలోగా తట్ట ఎత్తుకొని వెళ్ళిపోయాడు.