కోటలో నేను అడగనివ్వని ప్రశ్న

చెన్నై సెయింట్ జార్జ్ కోటలో మా మామ నా చేత గైడును ఒక ప్రశ్న అడిగించబోతే నేను అడ్డుపడ్డాను. గుంపు ముందుకు కదులుతోంది, ఎండ ముదురుతోంది, గైడు ఇంకేదో చెబుతోంది అని ఆ పూట నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. మామ గట్టిగా తెలుగులో మాట్లాడుతున్నాడు. అది మా మంసాపురం తెలుగు. నలుగురూ తిరిగి చూశారు. నాకు సిగ్గేసింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మంసాపురం పడమటి కనుమల పాదాల దగ్గర ఉంటుంది. రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు రెండూ మాకు దగ్గరే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మామకు తెలుగు చదవడం రాదు; నేనూ పెద్దయ్యాకే అక్షరాలు దిద్దుకున్నాను. హైదరాబాదు మాకు సినిమాల్లో చూసే ఊరు. మా రాజధాని చెన్నై. కోర్టు కేసైనా, కాలేజీ సీటైనా, పెద్ద వైద్యమైనా సాయంత్రం రాజపాళయంలో రైలెక్కి, తెల్లవారాక ఎగ్మూరులో దిగడం మూడు తరాలుగా మాకు అలవాటు. అన్నిసార్లు వెళ్లినా మామ ఆ నగరాన్ని చూసింది లేదు. పని చూసుకుని మళ్లీ రైలెక్కడమే.

ఆగస్టులో బంధువుల పెళ్లికి ఇద్దరం వెళ్లాం. పెళ్లి ఆదివారం. ముందే చేరుకున్నాం కాబట్టి శుక్రవారం పొద్దున ఒక నడక పర్యటనకు డబ్బు కట్టాను. చెన్నైలో ఇవి మామూలే. 1639 ఆగస్టు 22ను నగరం పుట్టినరోజుగా లెక్కేసి, 2004 నుంచి ఏటా ఉత్సవం చేస్తున్నారు. ఆ నెలలో పొద్దున్నే ఏ పాత వీధికి వెళ్లినా ఒక గైడు, ఆమె వెనక నీళ్ల సీసాలతో ఒక గుంపు కనిపిస్తారు. నేను ఎంచుకున్నది కోట, ఆ తర్వాత ప్యారీస్ కార్నర్ దాకా నడక. మామకు ఏం చూడాలని ఉందో అడగలేదు. ఆయన కోసమే తీసుకెళుతున్నానని మాత్రం గట్టిగా నమ్మాను.

నిర్వాహకులు ముందు రోజు సందేశం పంపారు. టోపీ, నీళ్లు, గుర్తింపు కార్డు తెచ్చుకోమని అందులో ఉంది. కోటలోని పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు అని కూడా ఉంది. నేను పై సగం చదివి ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఎగ్మూరు నుంచి లోకల్ రైల్లో కోట స్టేషన్‌లో దిగి నడిచాం. గేటు దగ్గర పోలీసులు కార్డులు చూస్తుంటే మామ తల పైకెత్తి రాష్ట్ర ముద్రను చూసి నవ్వాడు. ‘‘చూసినావా, మన గోపురం’’ అన్నాడు. ఆ ముద్రలో ఉన్నది శ్రీవిల్లిపుత్తూరు గోపురమేనని మా వైపు అందరూ చెప్పుకుంటారు. పదకొండు అంతస్తుల ఆ గోపురాన్ని చూస్తూ పెరిగినవాళ్లం. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వర్ణించిన విల్లిపుత్తూరు అదే. మామ ముఖంలో ఆ పూట మొదటి సంతోషం అది. నేను ‘‘ఊఁ’’ అని గైడు వైపు నడిచాను.

గైడు తమిళమ్మాయి. బాగా చదువుకున్నది, తను చెప్పేదాన్ని ప్రేమించే మనిషి. ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే మామకు నేను చెవిలో తెలుగు చేసి చెప్పాలని ముందే అనుకున్నాం. అక్కడే నేను ఇంకో తప్పు చేశాను. నిజానికి ప్రశ్నకు అడ్డుపడటం కంటే అదే పెద్దది.

ఈస్టిండియా కంపెనీకి ఈ ఇసుక తీరాన్ని ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడని ఆమె స్పష్టంగా పేరు పెట్టి చెప్పింది. ఆయన వందవాసి కేంద్రంగా ఏలినవాడని, తమ్ముడు అయ్యప్ప పూందమల్లి నుంచి చూసుకునేవాడని, పైన చంద్రగిరిలో విజయనగర రాజు ఉండేవాడని వివరించింది. కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే, ఆండ్రూ కోగన్ వచ్చారని, వాళ్లకు దుబాసీగా నిలిచిన బేరి తిమ్మప్ప తెలుగు వర్తకుడని, పట్నంలో చెన్నకేశవ పెరుమాళ్ గుడికి మూలపురుషుడు ఆయనేనని చెప్పింది. ఆ గుడి మొదట ఇప్పటి హైకోర్టు ఉన్న చోటే ఉండేదట. ఫ్రెంచివాళ్లతో యుద్ధాల కాలంలో కోట చుట్టూ ఖాళీ నేల కావాలని పక్కనే ఉన్న భారతీయుల బస్తీ అయిన పాత నల్లపట్నాన్ని కూలగొట్టినప్పుడు గుడి కూడా పోయింది. తర్వాత పూల బజారు దగ్గర మళ్లీ కట్టారు.

ఇదంతా మామకు నేను ఎలా చెప్పానో తెలుసా? ‘‘ఇంగ్లీషువాళ్లకు ఎవరో స్థలం ఇచ్చినారంట.’’

ఎవరో! దామెర్ల వెంకటాద్రిని, బేరి తిమ్మప్పను ఒక్క మాటలో తుడిచేశాను. మామకు ఇవి పరాయి పేర్లు కావు. విజయనగరం, మదురై నాయకుల రోజుల్లో మా పెద్దలు దక్షిణానికి తరలివచ్చారని మా ఇళ్లలో చెప్పుకుంటారు. వందవాసిలో ఒక తెలుగు నాయకుణ్ణి కూర్చోబెట్టిన వరదే మా వాళ్లను ఈ కొండల కిందికి తెచ్చి వదిలింది. ఆ సంబంధం మామకు చెప్పి ఉంటే ఆ కోట గోడలు ఆయనకు వేరేగా కనిపించేవి. నేనేమో ఫోనులో ఫొటోలు తీసుకుంటూ, ఇంగ్లీషులో విన్నదాన్ని నాకోసం రాసుకుంటూ, ఆయనకు మిగిలింది విసిరాను.

సెయింట్ మేరీ చర్చి దగ్గరకు వచ్చాం. 1680లో ప్రతిష్ఠించారు, సూయజ్‌కు తూర్పున అన్నిటికంటే పాత ఆంగ్లికన్ చర్చి అంటారు. యేల్ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఎలిహు యేల్ పెళ్లి ఇక్కడే జరిగింది. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లి కూడా. ఫిరంగి గుండుకు తట్టుకునేలా పైకప్పును మందమైన కమానుగా కట్టారు. చర్చి చుట్టూ నేలంతా సమాధి రాళ్లు పరిచి ఉంటాయి. అవి ఊరి బయటి శ్మశానంలోవి. 1758-59 ముట్టడిలో ఫ్రెంచి సైన్యం ఆ సమాధుల చాటు నుంచి కోట మీద కాల్పులు జరిపింది. అది చూశాక రాళ్లను పెకలించి తెచ్చి ఇక్కడ పరిచారు. గుంపు ఆ రాళ్ల మీదుగానే నడిచింది. మామ ఆగిపోయాడు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, రాళ్లు లేని అంచు వెంబడి చుట్టూ తిరిగి వచ్చాడు. పేర్లు చెక్కిన రాళ్ల మీద కాలు పెట్టడం ఆయనవల్ల కాలేదు. ‘‘తొందరగా రా మామా, అందరూ వెళ్లిపోతున్నారు’’ అని నేను కేక వేశాను. గైడు మాత్రం ఆయన వచ్చేదాకా ఆగింది.

ఆ తర్వాత సచివాలయం ముందుకు వచ్చాం. పాస్ లేనిదే లోపలికి వెళ్లనివ్వరు కాబట్టి బయటి నుంచే చూడాలి. గైడు ఆ భవనం ఎప్పుడు కట్టారో, ఆ నల్ల స్తంభాలను ఫ్రెంచివాళ్లు పాండిచ్చేరికి ఎలా ఎత్తుకుపోయారో చెబుతోంది. మామ గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

‘‘మన కుమారస్వామి రాజా ఏ గదిలో కూర్చొని పని చేసినాడో అడుగురా!’’

ఆ గొంతులో ఆత్రం ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. రైల్లో రాత్రంతా ఆయన ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమని అప్పుడు తెలియలేదు. ‘‘ఉండు మామా, తర్వాత అడుగుదాం’’ అన్నాను. తర్వాత అడగలేదు. ఆయనా మళ్లీ అనలేదు. మ్యూజియం తలుపు మూసి ఉంది. ప్యారీస్ కార్నర్ దాకా రానన్నాడు. కాళ్లు నొప్పులన్నాడు. ఆటోలో బంధువుల ఇంటికి వెళ్లిపోయాం.

పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా 1898లో రాజపాళయంలో పుట్టారు. కాంగ్రెస్‌లో చేరి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. 1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపారు. ఆంధ్ర, తమిళనాడు, మలబారు కలిసి ఉన్న రాష్ట్రం అది. మా పక్క ఊరి తెలుగు మనిషి దానికి ముఖ్యమంత్రి. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజున ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. ఆంధ్రను విడదీసే సంగతి తేల్చడానికి 1949లో వేసిన విభజన సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. టంగుటూరి ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి అందులో సభ్యులు. మద్రాసు నగరం మీద హక్కు వదులుకోవడానికి ప్రకాశం ఒప్పుకోక విడిగా తన అభిప్రాయం రాశారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, తమిళ నేలను తన నేల అనుకున్న మనిషి, ఆ బల్ల దగ్గర కూర్చుని ఏమనుకుని ఉంటాడు? నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే ప్రశ్న అదే. 1952 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఆ డిసెంబరు 15న మైలాపూరులో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మా ఊళ్లు ఇటే ఉండిపోయాయి. రాజా ఆ తర్వాత ఒడిశా గవర్నరుగా వెళ్లారు, 1957లో పోయారు.

ఇదంతా నేను ఇంటికి తిరిగొచ్చాక చదివి తెలుసుకున్నది. మామకు పుస్తకం అక్కర్లేదు. చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని రాజాను దూరం నుంచి చూశాడు.

మనల్ని నడిపించి నగరాన్ని చూపించే వాళ్లెవరైనా ఎంచుకునే చూపిస్తారు. రెండు గంటల్లో దాదాపు నాలుగు శతాబ్దాలు పట్టవు. ఆ రోజు కథ కంపెనీవాళ్లతో మొదలై 1947 దగ్గర ఆగింది; ఆపినందుకు ఆ అమ్మాయిని తప్పు పట్టలేను. లండన్‌లోనైనా, ఢిల్లీలోనైనా ఇలాగే ఉంటుంది. ఆమె వదిలేసిన చోట తన ఊరి ప్రశ్న వేయడం వినేవాడి పని. మా గుంపులో ఆ పని చేయగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన నోరు నేను మూయించాను.

తర్వాత ఒక పనిమీద చెన్నై వెళ్లినప్పుడు అదే నడకలో ఒంటరిగా చేరాను. సచివాలయం ముందు నిలబడి, తమిళంలో, అందరూ వినేలా మామ ప్రశ్న అడిగాను. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. స్వాతంత్ర్యం తర్వాతి మంత్రుల గురించి ఎవరూ అడగరని, ముఖ్యమంత్రి గది పాత భవనంలోనే ఉండేదని, లోపలికి తీసుకెళ్లలేనని చెప్పింది. తర్వాత నన్నే అడిగింది, ‘‘మీ ఊళ్లో ఆయన గురించి ఏం చెప్పుకుంటారు?’’

నా దగ్గర తేదీలు ఉన్నాయి. ఆమె అడిగింది తేదీలు కాదు. నేను మామను ఎన్నడూ అడిగింది లేదు.

ఊరికి వచ్చాక మామ దగ్గర కూర్చున్నాను. ముందు కోటలో జరిగినదానికి క్షమించమన్నాను. ‘‘నీకు సిగ్గేసిందని నాకు అప్పుడే తెలుసురా’’ అన్నాడు. కోపం లేకుండా అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు: రాజా ఓడిపోయిన ఎన్నికల రోజుల్లో పెద్దవాళ్ల మధ్య నడిచిన వాదనలు, రాజపాళయంలో గాంధీ కళామన్రం అనే కళాసంస్థ కోసం ఆయన సొంత ఇల్లు ఇచ్చేయడం, ఆ కళామన్రంలో మామ తన కుర్రతనంలో విన్న కచేరీలు. నేను తమిళంలో రాసుకుని, చదివి వినిపించి, ఆయన దిద్దాక గైడుకు పంపాను. ఆమె తిరిగి ప్రశ్నలు పంపింది. మామ వాటికి ఒక్కొక్కదానికీ రెండేసి జవాబులు చెబుతున్నాడు.

దామెర్ల వెంకటాద్రి పేరు కూడా ఈసారి పూర్తిగా చెప్పాను. వందవాసి ఎక్కడ, పూందమల్లి ఎక్కడ అని అడిగి, నా ఫోనులో పటం పెద్దది చేయించి చూశాడు. ‘‘ఇదంతా ఆ పొద్దే ఆ పాప చెప్పిందా?’’ అన్నాడు. చెప్పిందన్నాను.

ఇప్పుడు ఆయనకు మ్యూజియం మీద పడింది మనసు. 1947 ఆగస్టు 15న కోట మీద ఎగరేసిన పట్టు జెండా అక్కడ అద్దాల పెట్టెలో ఉంది. దాన్ని చూడాలంటున్నాడు. ఎండ ముదరకముందే కోటలోకి వెళ్లి, ముందు చర్చి దగ్గర కాసేపు కూర్చుని, మ్యూజియం తెరవగానే లోపలికి వెళదామని అనుకున్నాం. ప్యారీస్ కార్నర్ దాకా నడక ఈసారి వద్దన్నాడు. మంగళవారం తెల్లవారి ఎగ్మూరులో దిగేలా పొదిగై రైలుకు టికెట్లు తీశాను. గైడు కూడా వస్తానంది. ఆమెను ఏమేమి అడగాలో మామ తమిళంలో ఒక కాగితం మీద రాసుకుంటున్నాడు.