సముద్రం దాటి ఇంటికి

ప్రయాణంలో వెళ్లేటప్పటి ఉత్సాహం ఒక ఎత్తు, ఇల్లు చేరేటప్పటి ఆరాటం మరొక ఎత్తు. ఎల్.టి.సి.పై అండమాన్ దీవులను దర్శించి వచ్చిన మా మూడు కుటుంబాలకు ఈ సత్యం తిరుగు ప్రయాణంలో బాగుగా బోధపడింది. చూచిన వింతలను గూర్చి సహోద్యోగులు అడిగినప్పుడల్లా మేము ముందుగా చెప్పేది ఆ తిరుగు ప్రయాణం సంగతే.

అది మే నెల మూడవ వారం. పిల్లలకు సెలవులని ఆ రోజులను ఎంచుకొన్నాము. నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొట్టమొదట పలకరించేది ఈ దీవులనేనన్న విషయం మాకు తెలియక కాదు, తలపునకు రాక జరిగిన పొరపాటు. ఆరు రోజులు ఎండ కాచింది. ఏడవ నాడు, సరిగ్గా మేము బయలుదేరవలసిన ఉదయాన, ఆకాశం సముద్రం మీదికి వాలిపోయింది.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని వీర్ సావర్కర్ విమానాశ్రయానికి తెల్లవారకముందే చేరుకొన్నాము. 2023 జూలైలో ప్రారంభమైన క్రొత్త టెర్మినల్ శంఖపు ఆకారంలో ముచ్చటగా ఉన్నది. మమ్ము తీసుకొని పోవలసిన విమానం చెన్నై నుండి వచ్చి, మబ్బుల పైన రెండు సార్లు చుట్టు తిరిగి, దిగడానికి వీలుపడక వచ్చిన దారినే వెనుకకు మళ్లినదని ప్రకటన వినిపించింది. మధ్యాహ్నం మరల వస్తుందన్నారు. రాలేదు. చివరకు ఆనాటి ప్రయాణం రద్దయినదన్నారు.

మాలో ఇద్దరికి మరుసటి రోజే డ్యూటీ. ఒకరికి కుమార్తె కళాశాల ప్రవేశం పని. సహజంగానే కౌంటరు వద్ద గొంతులు పెరిగాయి. అక్కడి సిబ్బంది మాత్రం ఏమి చేయగలరు? గాలివాన వారి చేతిలో లేదు. ఆ గందరగోళంలో ఒక మూలగా, చేతిలో చిన్న సంచీతో మౌనంగా కూర్చున్న ఒక వృద్ధుడు మా కంట పడ్డారు. మా మాటలు విని, "మీది విశాఖపట్నమేటి బాబూ?" అని అడిగారు.

సోంపేట దగ్గరి పల్లె ఆయనది. 1970ల తొలినాళ్లలో పనికై ఓడ ఎక్కి వచ్చి, ఇక్కడే స్థిరపడ్డారట. ఈ దీవులలో తెలుగు మాట వినబడటం వింత కాదు. 2011 జనాభా లెక్కల నాటికి ఇక్కడి సుమారు 3 లక్షల 80 వేల మందిలో 50 వేలకు పైగా తెలుగు మాతృభాషగా గలవారే. వారిలో ఎందరో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చినవారు.

ఆయన ప్రయాణం విహారయాత్ర కాదు. ఊరిలో అన్నగారు కాలం చేశారు. ఎల్లుండి పదవ రోజు.

"మా నాయన పోయినప్పుడు టెలిగ్రాం అందింది బాబూ. కానీ ముందురోజే ఓడ ఎల్లిపోనాది. మళ్లీ ఓడ వచ్చేసరికి నెల దాటింది. జంగ్లీఘాట్ రేవులోనే మునిగి నీళ్లొదిలినాను. నన్ను చిన్నప్పుడు ఓడెక్కించినోడు మా అన్న. అన్నకి కూడా ఈ ఒడ్డునే నీళ్లొదలమంటే ఎలాగ?"

మా గొంతులు తగ్గాయి. ఒక రోజు సెలవు పోతుందని మేము పడిన ఆవేదన మాకే చిన్నదిగా తోచింది.

ఆ రాత్రి బసలో నిద్ర పట్టలేదు. రెండు రోజుల క్రితం చూచిన సెల్యులార్ జైలు కన్నుల ముందు మెదిలింది. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి నాడు ఏడు బారులు. నేడు మిగిలినవి మూడు. జైలు కట్టక మునుపే, 1858 నుండియే ఖైదీలను ఈ దీవులకు తరలించారు. 1857 జూలైలో హైదరాబాదు రెసిడెన్సీపై జరిగిన దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్ ఇక్కడికే పంపబడి, ఇక్కడనే కన్ను మూశారు. అల్లూరి సీతారామరాజు వెంట నడచిన మన్యం వీరులలో కొందరు కూడ ఈ సముద్రాన్ని దాటి వచ్చినవారే. చూచినప్పుడు ఇవి మాకు చరిత్ర పాఠాలు. ఇంటి దారి మూసుకొన్న ఆ రాత్రి మాత్రం, ఆ గదులలో ఎదురుచూచిన మనుషులు గుర్తుకు వచ్చారు.

మరునాడు ఐదు గంటలు కాకముందే వెలుగు వచ్చింది. మన గడియారాలు కాకినాడ సమీపంగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరించి నడుస్తాయి. ఈ దీవులు దానికి పది డిగ్రీలు తూర్పున ఉండటంతో సూర్యుడు ఇక్కడ సుమారు నలభై నిముషాలు ముందే వస్తాడు. ఆ ఉదయం మాత్రం అంత తొందరగా తెల్లవారటం మాకు మేలనిపించింది. వాన తెరిపి ఇచ్చింది. అయినా విమానం కదిలేసరికి పదకొండున్నర దాటింది.

చెన్నైలో మరొక పరీక్ష. సాయంత్రం ఏడు గంటలకు బయలుదేరవలసిన విశాఖ విమానం తొమ్మిదిన్నర అన్నారు. పెద్దాయన ఏమీ తినలేదు. మా ఆడవారు బలవంతం చేయగా రెండు అరటిపండ్లు మాత్రం తీసుకొన్నారు. ప్రకటన వినిపించినప్పుడల్లా మా ముఖం వైపు చూచేవారు. "ఇంకా మనది కాదు తాతగారూ" అని మా పిల్లలే ఆయనకు సమాధానం చెప్పసాగారు.

విశాఖలో దిగేసరికి రాత్రి పదకొండు. మాలో పలాస ప్రాంతపు మిత్రుడొకరు ఉన్నారు. తెల్లవారితే డ్యూటీకి పోవలసినవాడు. అయినా, ఒక కారు మాట్లాడి, "మీరు ఇళ్లకు వెళ్లండి. నేను దింపి వస్తాను" అన్నాడు. అతని బదులు షిఫ్టుకు వెళ్లడానికి మరొకరు సిద్ధపడ్డారు. పెద్దాయన కారెక్కుతూ మాకందరికీ చేతులు జోడించారు. మాట మాత్రం రాలేదు.

ఇల్లు చేరినా మాకు నిద్ర లేదు. ఉదయం ఏడు గంటలకు మిత్రుని వద్ద నుండి ఫోన్ వచ్చింది. నాలుగు గంటలకే ఊరు చేరారట. ఇంటివారంతా అప్పుడే చెరువు గట్టుకు బయలుదేరుతున్నారట. తరువాత ఫోన్ పెద్దాయన చేతికి మారింది.

"అందుకున్నాను బాబూ. ఇంకా మొదలెట్టలేదు. నాకోసమే ఆగినారు."

అండమాన్ వెళ్లదలచిన మిత్రులకు మా మనవి ఒక్కటే. తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల సెలవు అదనంగా ఉంచుకొనండి. విమానం ఆలస్యమైనప్పుడు కౌంటరు వద్దకు పరుగెత్తే ముందు ప్రక్క కుర్చీలోని వారిని ఒకసారి పలకరించండి. వారు మనకంటె ఎక్కువ తొందరలో ఉండవచ్చును.