ఎనిమిది బొమ్మల పరుగు

నా కుడిచేతి వణుకుకు నరాల వైద్యుడు ఒక పేరు పెట్టి, మాత్రలు వ్రాసి, "చేతిని ఊరికే ఉంచకండి మాస్టారూ, ఏదైనా పని చెప్పండి" అన్నారు. రెండేళ్ల క్రిందటి మాట ఇది. ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్లమీద గురులఘువులు గుర్తించిన చేయి నాది. దస్తూరీ సాధన చేద్దామంటే, అక్షరం వంకర పోయినప్పుడల్లా ప్రాణం చివుక్కుమంటుంది. బొమ్మలతో ఆ బాధ లేదు. అవి నాకు ఏనాడూ రావు గనుక, తలచుకొని విచారించడానికి పూర్వవైభవం ఏమీ లేదు.

మా మనుమరాలు తన పాత ల్యాప్‌టాప్‌లో పెన్సిల్ టూడీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి, కలంతో వ్రాసే పలక ఒకటి దానికి తగిలించి, "తాతయ్యా, కార్టూన్లో పరుగు వెయ్యి. ఎనిమిదే బొమ్మలు" అన్నది. ఆ "ఎనిమిదే" అన్న మాటకు నేను లొంగిపోయాను.

లెక్క ఇట్లా ఉంటుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. అడుగుకు 12 ఫ్రేములు పెడితే కవాతు నడక. పరుగుకు అందులో సగమో, అంతకంటె తక్కువో. అడుగుకు నాలుగేసి, రెండడుగులకు ఎనిమిది బొమ్మలు వేసి, ఎనిమిదవదాని వెనుక మళ్లీ మొదటిది వచ్చేటట్లు కూర్చితే సెకనుకు ఆరడుగుల చొప్పున ఆ పాత్ర పరుగెత్తుతూనే ఉంటుంది. మనిషి ఉన్నచోటనే ఉంటాడు. వెనుక చెట్లూ ఇళ్లూ జరుగుతాయి.

ఆ నాలుగు బొమ్మలేవంటారా? పాదం నేలను తాకుతుంది. బరువుకు మోకాలు వంగి దేహం కుంగుతుంది. ఆ కాలే నేలను తన్నుతుంది. పిమ్మట రెండు పాదాలూ గాలిలో ఉంటాయి. నడకకూ పరుగుకూ అసలు భేదం వేగంలో కాదు, ఈ నాలుగవ బొమ్మలో ఉన్నది. నడకలో ఒక పాదమైనా ఎప్పుడూ నేలను విడువదు. గుర్రం విషయంలో ఇదే సందేహం పూర్వం అమెరికాలో ఉండేది. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కెమెరాలు వరుసగా నిలిపి, దౌడు తీసే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. నాలుగు డెక్కలూ నేలను విడిచిన క్షణం దొరికింది. అయితే చిత్రకారులు అంతవరకు వేస్తూ వచ్చినట్లు కాళ్లు ముందుకూ వెనుకకూ చాచి లేవు, పొట్టక్రిందికి ముడుచుకొని ఉన్నాయి.

కాలికీ పద్యపు పంక్తికీ మనవాళ్లు పాదమనే ఒకే పేరు పెట్టడం ఊరకనే కాదనిపిస్తుంది. ద్రుతవిలంబితమనే వృత్తం మూడు లఘువులతో వడిగా మొదలై, గురువు తగిలినప్పుడల్లా నెమ్మదిస్తుంది. కార్టూను వీరుడిది దీనికి తలక్రిందు వ్యవహారం. ముందు వెనుకకు వాలి, ఒక కాలు ఎత్తి, తీరికగా ఆగి, ఆ తర్వాత మాయమవుతాడు.

పాత కార్టూన్లను వీఎల్‌సీ ప్లేయరులో పెట్టి "ఇ" మీట నొక్కితే ఒక్కొక్క ఫ్రేమే కదులుతుంది. నా మధ్యాహ్నాలు దానికే చెల్లిపోతున్నవి. చక్ జోన్స్ 1949లో తెరకెక్కించిన రోడ్ రన్నర్ పక్షికి వేగం పెరిగితే కాళ్లే ఉండవు, చక్రం వంటి అలుకుడు గీతలుంటాయి. 1960 నుండి 1966 వరకు వచ్చిన ఫ్లింట్‌స్టోన్స్‌లో హన్నా, బార్బెరాలు టీవీ ఖర్చుకు కట్టుబడి, వేసిన పరుగునే మళ్లీ మళ్లీ వాడారు. ఫ్రెడ్ ఎంత పరుగెత్తినా అదే కిటికీ ఎదురవుతుంది. అదే ఇద్దరు సినిమాహాళ్ల కోసం చేసిన టామ్ అండ్ జెర్రీలో పిల్లికి వెన్ను సాగుతుంది, ముడుచుకుంటుంది, బరువు తెలుస్తుంది. నా ఓటు పిల్లికే.

ఇక నా గీత సంగతి. ఒకే బొమ్మను రెండుసార్లు విడివిడిగా గీస్తే ఏ చేతిలోనూ గీతలు ఒకే చోట పడవు. తెరమీద అవి కదలాడుతూ కనిపిస్తాయి. ఈ పని చేసేవాళ్లు గీత మరుగుతున్నదంటారట. కొందరు కోరి అట్లా మరగనిస్తారట కూడాను. నాకు కోరవలసిన అవసరం లేదు. ఒకనాడు ఉదయపు మాత్రకు ముందు మూడు బొమ్మలూ, మాత్ర పనిచేయడం మొదలైన పిమ్మట అయిదు బొమ్మలూ వేశాను. కలిపి ఆడిస్తే, నా బొమ్మ కుర్రవాడు సెకనుకు మూడుసార్లు చలి తగిలినట్లు వణికి, మళ్లీ కుదుటపడి, పరుగెత్తాడు. మనుమరాలు నవ్వింది, వెంటనే నా ముఖం చూసి ఊరుకుంది. నాకు మాత్రం నవ్వే వచ్చింది.

అప్పటినుండి ప్రతి బొమ్మ మూలనూ గంటా నిమిషమూ వ్రాసి పెడుతున్నాను. ఆ కాగితాలు అచ్చు తీయించి వైద్యుని ముందుంచితే, ఆయన నోటిమాట అడగడం మానేసి, వాటినే చాలాసేపు చూసి, మధ్యాహ్నపు మాత్రను గంటన్నర ముందుకు జరిపారు. సాయంకాలం ఇప్పుడు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోనక్కరలేదు. వ్యాధి తగ్గేది కాదని ఆయన మొదటనే చెప్పారు, ఆ విషయంలో నాకు భ్రమలు లేవు.

ప్రస్తుతం వేస్తున్నది బడికి ఆలస్యమైన పిల్లవాణ్ణి. రెండవ గంట మ్రోగుతుంటే, జారే నిక్కరును ఎడమచేత్తో పట్టుకొని గేటు దాటే పిల్లలను ఎందరిని చూశానో! మామూలు పరుగులో నాలుగు బొమ్మలు వేసి, కాళ్లూ చేతులూ అటువి ఇటు మార్చితే తక్కిన నాలుగూ వచ్చేస్తాయి. వీడి విషయంలో అది కుదరదు. ఎడమచేయి నిక్కరును వదలదు గనుక కుడిచేయే రెండు చేతుల ఊపూ ఊపాలి, భుజం ఒక ప్రక్కకే ఎక్కువ తిరగాలి. అయిదవ బొమ్మనుండి అన్నీ కొత్తగా వేయవలసిందే. అయిదవదానిలో కుడికాలు నేలను తాకుతుంది. దానిని రేపు మాత్రకు ముందే వేస్తాను.