పంపు మార్చే ముందు

ఆగస్టు మూడో శనివారం దగ్గరపడిందంటే మా డెట్రాయిట్ శివార్లలో గరాజు తలుపులు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. ఆ రోజు వుడ్‌వర్డ్ ఎవెన్యూ పొడవునా పాత కార్లు బారులు తీరతాయి. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి చందాలు పోగుచేద్దామని మొదలుపెట్టిన డ్రీమ్ క్రూజ్ ఇది. ఈ ప్రాంతంలో కార్ల కంపెనీలకు పనిచేసే తెలుగువాళ్లు బోలెడుమంది. పగలంతా కంప్యూటర్ ముందు కొత్త ఇంజన్ల లెక్కలు చూసి, సాయంత్రం పాత ఇంజను మీద వంగి చేతులు నల్లగా చేసుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఈసారి నా గరాజుకు వచ్చింది గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక తమ్ముడి 1990 మస్టాంగ్ జీటీ. అయిదు లీటర్ల వీ8, కంపెనీ చెప్పిన లెక్కన 225 హార్స్‌పవర్. ఐడిలింగ్ శుభ్రంగా ఉంది, ఊళ్లో తిరిగితే ఏ పేచీ లేదు. ఫ్రీవే ర్యాంపు మీద మూడో గేర్లో పూర్తిగా తొక్కితే మాత్రం నాలుగు వేల ఆర్‌పీఎం దాటగానే మిస్ కొడుతుంది. కాలు తీస్తే మళ్లీ మామూలే.

"అన్నా, ఫ్యూయల్ పంపు పోయినట్టుంది. గంటకు 255 లీటర్లు తోడేది ఆర్డరు పెట్టేస్తా, శనివారం ట్యాంకు దించేద్దాం" అన్నాడు.

"ముందు గేజి పెడదాం ఆగు" అన్నాను.

ఫ్యూయల్ రెయిల్ మీదున్న ష్రేడర్ వాల్వుకు గేజి తగిలించాం. ఐడిలింగ్‌లో 31 పీఎస్ఐ. రెగ్యులేటరుకు వెళ్లే వ్యాక్యూమ్ గొట్టం లాగేస్తే 39. ఈ కారుకు రెండూ ఉండాల్సినట్టే ఉన్నాయి. లాగిన గొట్టంలో పెట్రోలు తడి లేదు, వాసన లేదు. రెగ్యులేటరు డయాఫ్రం చిరగలేదన్నమాట. చాలామంది ఇక్కడే ప్రెషర్ బాగుందని గేజి విప్పేస్తారు. అది నాకు బొత్తిగా నచ్చని పద్ధతి. ఐడిలింగ్‌లో ఇంజను తాగేది చాలా కొద్ది. పంపు తోడినదాంట్లో ఎక్కువ భాగం రిటర్న్ లైనులో ట్యాంకుకే తిరిగి పోతుంది. పంపు సగం నీరసించినా రెగ్యులేటరు ఆ లోటు పైకి కనపడనివ్వదు. జబ్బు ర్యాంపు మీద వస్తుంటే గేజి చూడాల్సింది కూడా ర్యాంపు మీదే.

పొడవాటి గొట్టం ఉన్న గేజిని బానెట్ వెనక అంచు నుంచి బయటికి తీసి, అద్దానికి బయటివైపు టేపు వేశాం. పెట్రోలు నిండిన గొట్టాన్ని కారు లోపలికి ఎన్నడూ తేకూడదు. తమ్ముడు నడిపాడు, నేను ముల్లు చూశాను. పూర్తిగా తొక్కినప్పుడు వ్యాక్యూమ్ ఉండదు కాబట్టి 39 నిలబడాలి. మొదట నిలబడింది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ 35, 32, 27 అంటూ జారిపోయింది. అక్కడే కాలు తీయమన్నాను. ఇంజెక్టరు పోసే పెట్రోలు ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది; 39 నుంచి 27కు పడితే దాదాపు 17 శాతం తగ్గిపోతుంది. గాలి మాత్రం అంతే వస్తుంది. అలా పలచబడిన మిశ్రమంతో, నిండు లోడు మీద ఇంకాస్త లాగిస్తే నాకింగ్ మొదలై పిస్టన్లే కరగొచ్చు. అందుకే "ఇంకోసారి చూద్దామా" అంటే ఒప్పుకోలేదు.

రెగ్యులేటరు సంగతి తేలిపోయింది కాబట్టి ఇక అనుమానం ఫిల్టరు, పంపు, పంపుకు వెళ్లే కరెంటు మీద. ఫిల్టరు చవక, మార్చాం. తేడా రాలేదు. అప్పుడు మల్టీమీటరు తీశాను.

"మీ నాన్నగారి పొలంలో మోటారు నీళ్లు సరిగా తోడకపోతే ముందు ఏం చూస్తారు?"

"వోల్టేజీ" అన్నాడు వెంటనే.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు. ట్యాంకు దగ్గర, పంపు కనెక్టరులో 10.8. మూడు వోల్టులు దారిలోనే ఆవిరి! ఈ మోడల్లో పంపు రిలే డ్రైవర్ సీటు కింద ఉంటుంది. అక్కడి నుంచి తీగ వెనక డిక్కీలోని ఇనర్షియా స్విచ్చుకు పోతుంది. ప్రమాదం జరిగితే పంపును ఆపేసే స్విచ్చు అది. దాన్ని దాటాకే ట్యాంకుకు చేరుతుంది. ఒక్కో జాయింటు రెండు వైపులా మీటరు పెట్టుకుంటూ వెళ్లాను. రిలే దగ్గర నష్టం లేదు. ఇనర్షియా స్విచ్చు ప్లగ్గు దగ్గరే రెండు వోల్టులకు పైగా పోతోంది. ప్లగ్గు ఊడదీస్తే తెల్లటి ప్లాస్టిక్కు ఒక పిన్ను చుట్టూ గోధుమరంగుకు మాడి మెత్తబడి ఉంది. పిన్ను మీద పచ్చటి చిలుము. మిగిలిన కాస్త నష్టం ఎర్తు తీగది. మిషిగన్ ఉప్పు రోడ్ల పుణ్యమా అని దాని బోల్టు కింద తుప్పు పట్టింది.

ప్లగ్గు, స్విచ్చు కొత్తవి వేశాం. ఎర్తు కింద ఇనుము మెరిసేదాకా గీకాం. పంపు దగ్గర 13.5 వచ్చింది. మళ్లీ అదే ర్యాంపు, అదే గేరు: అయిదు వేల దాకా ముల్లు 38 దిగలేదు. పాత పంపే.

పెద్ద పంపు మోజు మాత్రం తమ్ముడికి పోలేదు. గంటకు 19 పౌండ్లు పోసే ఫ్యాక్టరీ ఇంజెక్టర్లకు అది అక్కర్లేదని చెప్పాను. ఆ పాత ప్లగ్గు మీదే ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగే పంపు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆ మాడిన ప్లాస్టిక్కే చూపించాను. సూపర్‌చార్జరు పెట్టే రోజు వస్తే అప్పుడు పెద్ద పంపు వేద్దాం. దాంతోపాటు బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ, వేరే రిలే, ఫ్యూజు కూడా. ఇనర్షియా స్విచ్చును మాత్రం తీసేయకుండా ఆ రిలేను నడిపే తీగలోనే ఉంచాలని ఇప్పుడే మాట తీసుకున్నాను.