చెప్పొద్దు మామయ్యా!

ఎన్నికల వేళ ఊళ్ళు తిరిగే విలేకరికి ప్రతి ఊరూ ఒక లెక్కగానే కనబడుతుంది. 2024 మే నెలలో ఖరగ్‌పూర్‌లో రైలు దిగినప్పుడు నా సంచిలోనూ ఒక లెక్క ఉంది. మేదినీపూర్ లోక్‌సభ స్థానానికి 25న పోలింగ్. అందులోని ఖరగ్‌పూర్ సదర్ సెగ్మెంటులో తెలుగు ఓటర్లు ఎటు మొగ్గుతారన్నది నేను రాయవలసిన వార్త. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం మీద నడుస్తూ నడుస్తూ శీర్షిక కూడా మనసులో కట్టేసుకున్నాను. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని మించేవరకూ ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫారం అదే. శీర్షిక కట్టుకోవడానికి కావలసినంత దూరం.

బస మా మేనమామ ఇంట్లో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెలు ఈ ఊరికి మనుషులను పంపుతూనే వచ్చాయి. అలా వచ్చినవారిలో మా మామయ్య ఒకరు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, రిటైరై, కొన్నేళ్ళ క్రితం కన్నుమూశారు. ఇప్పుడు ఆ ఇంట్లో అత్తయ్య, బావ కుటుంబం ఉంటారు. అందరూ తెలుగు మాట్లాడతారు, అదీ చక్కని ఉత్తరాంధ్ర యాసతో. కాని చదవగలిగినవారు ఒక్కరూ లేరు. అత్తయ్య బడి ముఖం చూడలేదు. బావ చదివింది హిందీ మీడియం. పదకొండో తరగతి చదివే మేనకోడలికి బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు మూడూ వచ్చు.

ఆ అమ్మాయి రాత్రి పొద్దుపోయేదాకా లాప్‌టాప్‌లో ఒక వీడియో గేమ్ ఆడుతుండగా చూశాను. పేరు 'చాంట్స్ ఆఫ్ సెనార్'. రండిస్క్ అనే చిన్న ఫ్రెంచి సంస్థ రూపొందించగా 2023లో విడుదలైంది. బేబెల్ గోపుర గాథను తలపించే ఒక మహాసౌధం, అందులో అంతస్తుకొక జాతి, జాతికొక లిపి. మనకు ఏదీ రాదు, ఎవరూ నేర్పరు. తలుపు పక్కన మీట, మీట పక్కన ఒక గుర్తు. 'తెరువు' అనేనా దాని అర్థం? ఊహించి రాసుకుంటాం. అదే గుర్తు ఇంకోచోట, ఇంకెవరి నోటనో ఎదురైనప్పుడు మన ఊహ నిలబడుతుంది, లేదా కూలిపోతుంది. కొన్నాళ్ళకు బొమ్మల పుటలో ఆ గుర్తులను జతపరుస్తాం. పుట మొత్తం సరిపోతేనే ఆట ఒప్పుకుంటుంది. పై అంతస్తులకు వెళ్ళేకొద్దీ పదక్రమం మారుతుంది, బహువచనం మారుతుంది. చివరికి ఒక జాతి మాట మరొక జాతికి చేరవేసే దుబాసీ పని కూడా మనదే.

శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు కూర్చిన గళ్ళు నింపుతూ పెరిగిన తరం నాది. ఆ గళ్ళలో ఆధారం మన చేతికే ఇస్తారు. ఇక్కడ ఆధారం ఎక్కడుందో నడిచి వెతుక్కోవాలి. ఆకర్షణంతా అందులోనే ఉంది. తెలియకపోవడం ఇక్కడ అవమానం కాదు, అదే దారి.

కలకత్తా టంకశాలలో పనిచేస్తూ ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శిగా ఉన్న జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీ లిపిని ఛేదించింది కూడా ఇలాగే. సాంచీ స్తూపం రాళ్ళ మీది చిన్న చిన్న శాసనాలు చాలావరకు ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయని ఆయన గమనించాడు. గుడికి వచ్చినవారు రాతి మీద ఏమి రాయిస్తారు? 'దానం' అయి ఉండాలి. ఆ ఒక్క ఊహ పట్టుకుని మిగతా అక్షరాలూ తెరుచుకున్నాయి. మన తెలుగు లిపికీ బెంగాలీ లిపికీ తల్లివేరు ఆ బ్రాహ్మీయే.

ఈ కథ చెబితే మేనకోడలు లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో మా అమ్మమ్మ ఊరి నుంచి మామయ్యకు రాసిన ఉత్తరాలు, ఇన్‌లాండు కవర్లు. "మొదటి వరుసలో ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ రెండుసార్లొస్తోంది" అని వేలు పెట్టి చూపింది. నోటుబుక్కులో ఆ రూపాన్ని వంకరటింకరగా దించుకుంది కూడా. చూడగానే నాకు తెలిసిపోయింది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. నోరు తెరవబోయాను.

"చెప్పొద్దు మామయ్యా!"

చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళుగా నా వృత్తి చెప్పడమే. ఎదుటివాడు మాట పూర్తి చేయకముందే దాని అర్థం రాసుకోవడం మాకు అలవాటు. 2020 డిసెంబరులో ఈ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, అసెంబ్లీ ఎన్నికలకు నెలల ముందు వచ్చిన ఎత్తుగడ అని ఒక్క వాక్యంలో తేల్చేశాను. ఆ వాక్యం తప్పని ఇప్పుడూ అనను. కాని ఈ ఇంట్లో నలుగురు తెలుగువాళ్ళున్నా ఆ ఉత్తరాలు చదివేవాడు లేడన్న సంగతి దానిలో లేదు. ఆ ఆటలో ఒక జాతి మరొక జాతిని 'అపవిత్రులు' అంటుంది. అది వారి పేరే కాబోలనుకుని రాసుకుంటాం, తరువాత సిగ్గుపడి దిద్దుకుంటాం. 'తెలుగు ఓటర్లు' అన్న నా మాటను నేనెప్పుడూ అలా దిద్దుకోలేదు.

అయితే ఆటకు ఒక సౌఖ్యముంది. దాని లిపులు ఛేదించడానికే పుట్టాయి, ఎంత ఆలస్యమైనా జవాబు చెక్కుచెదరకుండా కాచుకుని ఉంటుంది. మనుషులు అలా ఉండరు. అత్తయ్యకు ఎనభై దాటాయి. "మీ ఆట్లు తర్వాతాడుకోండర్రా. ముసిల్ది ఏటి రాసిందో ఓపాలి సదివెట్టు నాయనా. ఆయన పోయాక మళ్ళీ ఇన్లేదు" అంది. ఇద్దరిదీ న్యాయమే. చివరికి అత్తయ్య గదిలో తలుపు వేసుకుని, గొంతు తగ్గించి, మూడు ఉత్తరాలు చదివాను. అవతల మేనకోడలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. అత్తయ్య కళ్ళు మూసుకుని విన్నది. ఒకచోట నాకంటే ముందే వాక్యం పూర్తి చేసింది.

ఢిల్లీ చేరాక వార్త రాశాను. కట్టుకున్న శీర్షిక వాడలేదు. మూడు కుటుంబాల మాటలు మూడు రకాలుగా ఉన్నాయి, అలాగే రాశాను. సంపాదకుడికి అంతగా నచ్చలేదు.

వర్షాకాలంలో మేనకోడలి నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. 'క్షేమం' అన్న మాట, పక్కన ఒక టిక్కు. అంకెలూ, వీధిలోని ఎన్నికల పోస్టర్ల మీద తెలిసిన పేర్లూ ఆధారంగా అక్షరాలు కూడగట్టిందట. కింద ఒక ప్రశ్న కూడా ఉంది. ఉత్తరం మధ్యలో ఉన్న 'సెలవు' తనకు తెలుసట, రైల్వే ఇంట్లో పుట్టినవారెవరికైనా తెలుస్తుందట. సెలవు దొరికితే ఓసారి రమ్మంటోంది ముత్తవ్వ. మరి ప్రతి ఉత్తరం చివరా 'ఇక సెలవు' అని ఎందుకు రాసింది? సెలవు దొరికిందని ఎలా తెలిసింది?

జవాబు టైపు చేశాను. పంపబోయి ఆగి, చెరిపేశాను. "ఇంకో నాలుగు ఉత్తరాలు చూడు" అని మాత్రం రాశాను.