అడుగని ప్రశ్న

అమెరికాలో మేమున్న యూరి అనాథజంతు శరణాలయమునకు ఒక కుక్కను తెచ్చుకొనుటకై పోయితిమి. పెరటికి కంచె యున్నదా? పగటివేళ ఇంట నెవరుందురు? ఇంటి యజమాని యనుమతిపత్రమేది? పిదప ఒకామె వచ్చి మా గదులన్నియు చూచినది. నాకు కోపము వచ్చినమాట నిజము. “మా నాన్నగారు నన్నిచ్చునపుడు మిమ్మిన్ని యడుగలేదు సుమండీ” అని నా భార్య నవ్వినది. నేను మారు పలుకలేదు.

ఏమి పెట్టెదరనునది కడపటి ప్రశ్న. అంగడి డబ్బా యంటిని. ఆమె తలయూచి వ్రాసికొనినది. ఏ డబ్బా యని యడుగలేదు.

డబ్బాల చరిత్ర నేను తరువాత చదివితిని. 2007 మార్చిలో ఉత్తర అమెరికాయందు ఒక తయారీదారు ఆరు కోట్ల డబ్బాలను, పొట్లములను అంగళ్ళనుండి వెనుకకు తెప్పించెను. పేర్లు వేరు, బొమ్మలు వేరు, వెలలు వేరు, చేసినవాడొక్కడే. చైనానుండి గోధుమజిగురను పేర వచ్చిన సరుకులో మెలమైను కలిసియుండెను. మాంసకృత్తులను నత్రజనిని బట్టి లెక్కకట్టుదురు. మెలమైనులో నత్రజని మెండు. కాబట్టి ఆ సరుకు పరీక్షలో పుష్టికరమైనదిగా తేలెను. కుక్కల, పిల్లుల మూత్రపిండములలో అది సయనూరికామ్లముతో కూడి స్ఫటికములుగా పేరుకొనెను. ఎన్నో చచ్చెను. కంచెలు కట్టి, ప్రశ్నలన్నిటికిని సరిగా ఉత్తరములిచ్చిన యిండ్లలోనివియు అందులో నుండియుండును. మరుసటి యేట చైనాలో అదే మోసము పసిపిల్లల పాలపొడిలో బయటపడినది.

ఇప్పుడు మా కుక్క గిన్నె ముందు ముఖము త్రిప్పుకొనిన, మేము దానిని గద్దింపము. డబ్బా అడుగుననున్న అంకెలను నా భార్య పాలలెక్కల పుస్తకములో వ్రాసి యుంచుచున్నది.